పెట్టె కదిలినప్పుడు బయట ఉన్నవి

బెల్లు కొడితే తలుపు తీసింది ఆవిడ కాదు, ఒక పెయింటర్. తలకు న్యూస్‌పేపర్ టోపీ, చేతిలో రోలర్. అతని వెనక హాలు ఖాళీగా ఉంది. సోఫా లేదు, గోడకు ఆనించి ఉండే మడత మంచం లేదు, కిటికీ చువ్వకు ఎప్పుడూ వేలాడే వల ముసుగు టోపీ లేదు. నా చేతిలో పుణె నుంచి తెచ్చిన బాకర్‌వడి పొట్లం. ఆఫీసు పని మీద వెళ్తుంటే, "ఒట్టి చేతులతో రాకు, బాకర్‌వడి పట్రా. పళ్ళుండగానే తినాలి" అని ఆవిడే చెప్పి పంపింది.

"మేడమ్ తో గుజర్ గయీ" అన్నాడు పెయింటర్, మేడమ్ పోయారని, ఈపాటికి తెలిసే ఉంటుంది కదా అన్నట్టు. గుండెపోటట. నాగపూర్ నుంచి మేనల్లుడు వచ్చి జరగాల్సినవి జరిపించి, సామాను ట్రక్కుకెక్కించి, ఇల్లు అద్దెకివ్వమని ఏజెంటుకు చెప్పి వెళ్ళిపోయాడట. సొసైటీ గ్రూపులో మెసేజ్ పెట్టే ఉంటారు. నీళ్ళ ట్యాంకరు తగాదాలు భరించలేక ఆ గ్రూపు నోరు నేనెప్పుడో నొక్కేశాను. మా ఆయన కూడా ఆ వారమంతా హైదరాబాదులోనే ఉన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. పోయిన మనిషి మీదే వచ్చిందేమో. ఇంటికి వెళ్ళబుద్ధి కాక అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆవిడను తలుచుకోవడం అక్కడే మొదలైంది.

పేరు రాయను. తన పేరు ఎక్కడైనా అచ్చులో కనబడితే ఆవిడకు చిరాకు. అన్నేళ్ళు మంత్రిత్వ శాఖలో ఫైళ్ళు దిద్దిన చెయ్యి, పెళ్ళిపత్రిక ఇచ్చినా ముందు తప్పులు చూసేది. తను మాత్రం పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు "తీరిక లేక" అని జవాబు. రిటైరయ్యాక ఢిల్లీ ద్వారకలో మా సొసైటీలో చిన్న ఫ్లాటు కొనుక్కుంది. అందరూ ఆంటీ అంటారు కదా అని నేనూ అలాగే పిలిస్తే, "ఆంటీ ఏంటే? తెలుగుదానివేగా? పిన్నీ అను" అంది. అంతే, పిన్ని అయిపోయింది.

ఆ మాటకన్నా ముందు మా మధ్య ఒక చిన్న యుద్ధం జరిగింది. మేం ఆ ఇంట్లో దిగిన మర్నాడు. గురుగ్రామ్ వెళ్ళే ఆఫీసు క్యాబ్ గేటు బయట హారన్ కొడుతోంది. నేను పరిగెడుతున్నాను. ఎవరో పెద్దావిడ, నూలు చీర, కాన్వాస్ బూట్లు, నాకు అడ్డంగా గొడుగు చాపింది.

"ఆగు. వెనక్కి తిరుగు. మీ ఇల్లేదో చూపించు."

మా సొసైటీలో బ్లాకులన్నీ ఒకే పాత్రలోంచి దింపిన ఇడ్లీలు. తిరిగి, వేలెత్తి చూపించాను. అది మా పక్క బ్లాకు.

"చూశావా? బయటికి పోయేవాళ్ళు ముందు వెనక్కి తిరిగి చూసుకోవాలి. లేకపోతే సాయంత్రం ఎవరి తలుపో కొడతావు" అని గొడుగు తీసింది.

నాకు ఒళ్ళు మండింది. కరీంనగర్‌లో పుట్టి హైదరాబాదులో పెరిగినదాన్ని, నాకు ఇల్లు గుర్తుపెట్టుకోవడం నేర్పుతుందా అనుకున్నాను. కొత్తగా దిగిన ప్రతివాళ్ళకూ ఆవిడ అలాగే గొడుగు అడ్డం పెడుతుందని తర్వాత తెలిసింది. సగం మంది నవ్వేవారు, సగం మంది తిట్టుకునేవారు. ఒక్కరు కూడా తిరిగి చూడకుండా పోలేకపోయేవారు.

మా బ్లాకు టెర్రస్ మీద, నీళ్ళ ట్యాంకుల నీడలో, ఆవిడ తేనెటీగల పెట్టె ఉండేది. ఉద్యోగంలో ఉండగా ఎక్కడో శిక్షణ తీసుకుని, సర్కారు క్వార్టరు పెరట్లో మొదలుపెట్టిందట. క్వార్టరు మారినప్పుడల్లా పెట్టె కూడా మారుతూ వచ్చింది. ఆ మారడంలోంచి పుట్టిందే ఆవిడ సామెత. ఎక్కడా విన్నది కాదు, సొంత సరుకు: "జరిపితే జానెడు జరుపు, లేదా ఊరు దాటించు."

తేనెటీగకు గుర్తుండేది పెట్టె కాదు, చోటు. పెట్టెను రోజుకింత చొప్పున జానెడేసి జరిపితే సర్దుకుంటుంది. అయిదారు కిలోమీటర్లు దాటించి పెడితే, కళ్ళు తెరిచేసరికి అంతా కొత్త కాబట్టి, బుద్ధిగా కొత్త చోటు నేర్చుకుంటుంది. అలా కాక పక్క వీధికో పక్క డాబా మీదికో మార్చామా, పొద్దున మేతకు వెళ్ళింది తెలిసిన దారి పట్టుకుని సాయంత్రానికి పాత చోటుకే వస్తుంది. అక్కడ ఇల్లుండదు.

ఈ సామెతను ఆవిడ వాడని సందర్భం లేదు. నేను ఉద్యోగం మారాలా వద్దా అని నసుగుతుంటే అదే మాట. మా అత్తగారు వచ్చినప్పుడు వంటింట్లో డబ్బాలన్నీ తారుమారు చేస్తే అదే మాట. నేను జుట్టు సగానికి కత్తిరించుకొచ్చిన రోజున పైనుంచి కిందికి చూసి, "అయితే జానెడు, లేకపోతే గుండు. ఈ మధ్యస్తం ఏంటే?" అంది. వారం రోజులు మాట్లాడలేదు నేను.

ఇక ఆ ఏప్రిల్. పై అంతస్తులో ఒక పాపను ఈగ కుట్టింది. కన్ను మూసుకుపోయేంతగా మొహం వాచింది. తల్లి భయపడి గొడవ చేసింది. ఆమెది తప్పని నేననను. సొసైటీ మీటింగు పెట్టారు. మా సెక్రటరీ రిటైరైన బ్యాంకు మేనేజరు, లక్నో వైపు మనిషి. మోకాళ్ళ నొప్పులు, మెత్తటి మాట, కర్ర విరగకుండా పాము చావాలనే రకం. ఆయన బాగా ఆలోచించి ఒక దారి చెప్పాడు. పెట్టె టెర్రస్ మీంచి దించి, పార్కు మూలన పంపుహౌస్ వెనక పెట్టుకోవచ్చు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ లేచి, "వహాఁ నహీఁ రఖ్ సక్తే" అంది. అక్కడ పెట్టకూడదు. నెలాఖరులోగా ఊరవతల చోటు చూసుకుంటానని చెప్పి వెళ్ళిపోయింది. ఎందుకు పెట్టకూడదో చెప్పదు. అడిగితే చెప్పేది, కానీ అడగాలని ఎవరికీ తోచలేదు. మొండి ముసలమ్మ అనుకున్నారు. సెక్రటరీ మాత్రం ఒంటరి మనిషి, పెట్టె దింపించుకునే దిక్కులేక మాట దాటేస్తోందని జాలిపడ్డాడు. కీడు చేసేవాణ్ణి గుమ్మంలో ఆపొచ్చు. మేలు చేద్దామని బయల్దేరినవాణ్ణి ఆపడం ఎవరి తరం?

ఆ శనివారం మధ్యాహ్నం ఆవిడ బీపీ మందుల కోసం డిస్పెన్సరీకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పని పూర్తిచేసి సంతోషపెడదామని సెక్రటరీ తోటమాలిని, ఇద్దరు గార్డులను పైకి పంపాడు. వాళ్ళు దుప్పట్లు కప్పుకుని, పెట్టె ద్వారంలో గుడ్డ కుక్కి, లిఫ్టులో దించి, పంపుహౌస్ వెనక పెట్టి గుడ్డ లాగేసి పారిపోయారు. మిట్టమధ్యాహ్నం. ఈగల్లో సగం మేతలో ఉన్నాయి.

అవి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. పెట్టె ఉండే చోట గిరగిరా తిరిగాయి. ఎండ వాలేసరికి పిట్టగోడకు పనసకాయంత ముద్ద వేలాడుతోంది, గాలి నిండా ఈగలు. బట్టలు తియ్యడానికి వెళ్ళిన ఒకావిడ కేకలు పెట్టుకుంటూ మెట్లన్నీ దిగొచ్చింది. కిటికీలు ధడధడా మూసుకున్నాయి. సెక్రటరీకి ఏం జరిగిందో అర్థం కాలేదు. పెట్టె దించేస్తే ఈగలు రెట్టింపయ్యాయేమిటని బెదిరిపోయి పురుగుల మందు కొట్టేవాళ్ళకు ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నే వస్తామన్నారు.

ఇ-రిక్షా దిగుతున్న ఆవిడకు గేటు దగ్గర ఎదురెళ్ళాను.

"పిన్నీ, పెట్టె దించేసిన్రు. పంపుహౌస్ కాడ పెట్టిన్రు. పైనంతా ఈగలే ఉన్నయ్. రేపు పొద్దుగాల మందు కొట్టేటోడు వస్తడట."

ఆవిడ రిక్షా పక్కనే ఆగిపోయింది. మందుల సంచి చేతిలో అలాగే ఉంది.

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం."

"ఎండలోనా?"

అంతే. తిట్టలేదు. తిడితే నాకు ధైర్యంగా ఉండేది. ఆకాశం వైపు చూసింది, పొద్దు ఎంతుందోనని.

"పొద్దు గూకితే అవి ఇక ఎగరవు. ఆ గోడకే ముద్దగా ఉండిపోతాయి. పొద్దున్నే వాడొచ్చి మందు కొడతాడు. పైన ఉన్నవాటికి ఇల్లు లేదు, కింద ఉన్న ఇంటికి తెచ్చిపెట్టేవాళ్ళు లేరు. వెలుగుండగానే పెట్టె పాత చోటుకెక్కాలి. చున్నీ నడుముకు కట్టుకో."

నేను కట్టుకున్నాను. ఎందుకు కట్టుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన బాల్కనీలోంచి సైగలు చేస్తూనే ఉన్నాడు.

పెట్టె ద్వారంలో తడిపిన గడ్డి కుక్కి, ఆవిడొక పక్క, నేనొక పక్క పట్టుకున్నాం. ఇంత పెట్టెలో అంత బరువుంటుందని నాకు తెలియదు. చెక్కలోంచి నా అరచేతుల్లోకి వణుకు వస్తోంది. లిఫ్టు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "లిఫ్ట్ మే నహీఁ, మేడమ్."

"దించేటప్పుడు లిఫ్ట్ మే ఆయా థా నా? ఇప్పుడు జాయేగా భీ" అంది ఆవిడ. ఇన్నేళ్ళ ఢిల్లీ తర్వాత కూడా ఆవిడ హిందీ, తెలుగు తాలింపు లేకుండా వచ్చేది కాదు.

మూడో అంతస్తులో లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకుంది. చంకలో బిడ్డతో ఒకామె. పెట్టెను చూసింది, మమ్మల్ని చూసింది. బిడ్డ ముచ్చటపడి చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడే గడ్డి సందులోంచి ఒక ఈగ బయటికొచ్చి నా మెడ వైపు పాకడం మొదలుపెట్టింది. నా చేతులు రెండూ పెట్టె కింద ఉన్నాయి. తలుపులు మూసుకోవడానికి అంత సేపు పడుతుందని అంతకుముందు నేనెప్పుడూ గమనించలేదు.

"దాని మీద ఊపిరి వదలకు. కోపం వస్తుంది" అంది ఆవిడ పెదాలు కదపకుండా.

"నాకు కోపం రాదా పిన్నీ?"

"నీ కోపానికి ముల్లు లేదులే."

టెర్రస్ మీద సెక్రటరీ తలకు తువ్వాలు చుట్టుకుని మెట్ల తలుపు చాటున నిలబడి ఉన్నాడు. ఆవిడ ఆయన్ను చూడనుకూడా లేదు. పెట్టె ఉండే చోట నేల మీద నాలుగు ఇటుకలు మిగిలాయి. వాటి మీద, ద్వారం మళ్ళీ తూర్పుకే ఉండేలా పెట్టించి, గడ్డి తీసింది.

ఏమీ జరగలేదు. గోడ మీది ముద్ద కదల్లేదు. ఎండ ట్యాంకుల పైకెక్కిపోయింది. ఆవిడ పెదవి కొరుకుతూ నిలబడింది. అప్పుడు పెట్టెలోంచి కొన్ని ఈగలు గుమ్మం మీదికొచ్చి, తలలు లోపలికి పెట్టి, నడుములు పైకెత్తి, రెక్కలు ఆడించడం మొదలుపెట్టాయి. నిలబడిన చోటే నిలబడి, ఎగరకుండా.

"ఏం చేస్తున్నయ్ పిన్నీ?"

"ఇల్లు ఇక్కడుందని వాసన విసురుతున్నాయి. పిలుస్తున్నాయే."

గోడ మీది ముద్ద అంచున వదులైంది. ఒకటి, పది, తర్వాత లెక్కలేనన్ని. గాల్లో కొన్ని, నేల మీద నడుస్తూ కొన్ని, పెళ్ళి పందిట్లోకి పోతున్నట్టు గుమ్మంలోకి దూరాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సెక్రటరీ తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇదీ సంగతి. ఇస్‌లియే వహాఁ నహీఁ" అంది ఆవిడ, ఆయన వైపు తిరక్కుండానే. అందుకే అక్కడ వద్దన్నానని.

కానీ మందు కొట్టేవాడు రేపు రావడం ఖాయం. పై అంతస్తు వాళ్ళు ఇక ఒక్క పూట కూడా ఆగలేమన్నారు. ఆవిడ తన పాత ఆఫీసులో పనిచేసిన ఒక చౌధరికి ఫోన్ చేసింది. నజఫ్‌గఢ్ దాటాక, ఊరవతల, ఆయనకు పొలముంది, తెచ్చెయ్యమన్నాడు. పొద్దు గూకేదాకా ఆగి, ద్వారానికి సన్నటి ఇనుప జల్లెడ బిగించింది. మూత తీసి వల పరిచి, దాని మీద తడి గోనెపట్టా వేసింది. పాత చీరతో పెట్టెను అడ్డంగా, నిలువుగా కట్టింది. చివరగా ఒక చిన్న డబ్బాలో పాత తేనెపట్టు ముక్క ఒకటి పెట్టి, ఖాళీ అయిన ఇటుకల మీద ఉంచింది.

"ఇదెందుకు?"

"ఇంకా రానివాటికి."

కారు నాది. వెనక సీటు మడిచి పెట్టె ఎక్కించాక, ఆవిడ మళ్ళీ దింపించింది. లోపలి చట్రాలు రోడ్డు వెంబడి ఉండాలట, అడ్డంగా ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా ఊగి, మధ్యలో రాణి నలిగిపోతుందట. తిప్పి ఎక్కించాం. తను పెట్టె పక్కనే ఇరుక్కుని కూర్చుంది. మా ఆయన తను మెట్రోలో వెనకాలే వస్తానన్నాడు. ఆ మెట్రో ఇంకా రాలేదు.

అంత మెల్లగా నేనెప్పుడూ కారు నడపలేదు. వెనకనుంచి హారన్లు. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆవిడ, "మెల్లగా, మెల్లగా" అనేది, నొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నట్టు. నజఫ్‌గఢ్ చేరేవరకు బాగానే ఉంది. అక్కడ రోడ్డుకు అడ్డంగా పెళ్ళి ఊరేగింపు. గుర్రం, బ్యాండు, తల మీద దీపాల స్తంభాలు మోసే ఆడవాళ్ళు, మధ్యలో ఎగురుతున్న బావమరుదులు. ముందు ట్రాక్టరు, వెనక బస్సు. ఇరుక్కుపోయాం.

పెట్టె చప్పుడు మారింది. అప్పటిదాకా మిక్సీ పక్కింట్లో తిరుగుతున్నట్టున్న మోత సన్నబడి, పైకి లేచింది. ఆవిడ చెక్కకు చెవి ఆనించింది.

"వేడెక్కుతోంది. ఏసీ పెంచు."

"ఫుల్లే ఉంది పిన్నీ."

గోనెపట్టా మీద సీసాలో నీళ్ళన్నీ గుమ్మరించింది. డ్రమ్ములు మోగినప్పుడల్లా లోపలి మోత ఇంకా పైకి పోతోంది. "అన్నీ ఒక్కసారి భయపడితే లోపలే ఉడికిపోతాయే. మైనం కరిగిపోతుంది" అంది. ఎక్కడినుంచి వచ్చిందో ఒక ఈగ నా చెవి వెనక కుట్టింది. నా కాలు బ్రేకు మీదికి పోయింది.

"బ్రేకు వెయ్యకు" అని అరిచింది. కారు కదిలితే కదా బ్రేకు పనిచేసేది. ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు. ముందుకు వంగి గోరుతో నా చెవి వెనక ఒక్కసారి గీకి ముల్లు తీసింది, తలుపు తెరుచుకుని దిగిపోయింది.

మెడలో వల ముసుగు, తడిసిన చీర కుచ్చిళ్ళు, కాన్వాస్ బూట్లు. ఆవిడ సరాసరి బ్యాండు మాస్టరు ముందుకు పోయి నిలబడింది. ఏం చెబుతుందో, కారులో పేషెంటు ఉందంటుందేమో అనుకున్నాను. అద్దం దించాను.

"గాడీ మే మధుమక్ఖీ హై. పూరా పెట్టె. ఛోడ్ దూఁ?"

కారులో తేనెటీగలున్నాయి, వదిలెయ్యమంటారా అని. అంత మర్యాదగా బెదిరింపు నేనెక్కడా వినలేదు. బాకా ఆగిపోయింది. ముందు గుర్రం పక్కకు పోయిందో, పెళ్ళికొడుకు పోయాడో తెలియదు గాని దారి వచ్చింది. ఒక బావమరిది మా కారు ముందు పరిగెడుతూ ట్రాక్టరును కూడా పక్కకు తీయించాడు. ఇంకోరోజైతే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఆ వేళ పళ్ళు బిగించి నడుపుతూనే ఉన్నాను. వెనక మోత మాత్రం తగ్గుతూ వస్తోంది. తగ్గడం మంచికో చెడుకో నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు.

చౌధరి పొలంలో వేపచెట్ల కింద పెట్టె దించేసరికి ఏ చప్పుడూ లేదు. ఆవిడ జల్లెడ వెంటనే తియ్యలేదు. పెట్టె మీద నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడింది. నేను చెవి వెనక వాపు పట్టుకుని నిలబడ్డాను. దూరంగా ఎక్కడో మోటారు కొట్టుకుంటోంది. చాలాసేపటికి, పప్పు ఉడకడం మొదలైనట్టు సన్నగా, కిందినుంచి ఒక రొద వచ్చింది.

"ఉన్నాయి" అంది. చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

అడుగున దోసెడు చచ్చిపోయాయి. మిగతావి బతికాయి. జల్లెడ తీశాక, వేపకొమ్మ ఒకటి విరిచి, ఆకులు గుమ్మానికి అడ్డంగా వచ్చేలా పెట్టె మీద ఆనించింది. అంత కష్టపడి తెచ్చి దారికి అడ్డం పెడుతుందేమిటని అడిగాను.

"పొద్దున్నే ధ్యాస లేకుండా దూసుకుపోతాయి. ఇది తగిలితే ఆగుతాయి. ఇదేంటి కొత్తగా ఉందని వెనక్కి తిరిగి ఇల్లు చూసుకుంటాయి. అప్పుడు గుర్తుంటుంది."

గేటు దగ్గర గొడుగు ఎందుకో నాకప్పుడు తెలిసింది. నన్ను ఈగతో సమానం చేసిందని కోపం రావాల్సింది, రాలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు ఆదివారం ఉదయం పైకెళ్ళి చూస్తే, ఇటుకల మీది చిన్న డబ్బా చుట్టూ పిడికెడు ఈగలు తిరుగుతున్నాయి. ముందురోజు మేతకు వెళ్ళి, పొద్దు గూకాక ఎక్కడో ఆకుల కింద ఉండిపోయి, తెల్లారి ఇంటికొచ్చినవి. మందు కొట్టేవాడు వీపుకు డబ్బా తగిలించుకుని నిలబడ్డాడు. వాడి పక్కన సెక్రటరీ. డబ్బాకూ వాళ్ళకూ మధ్య ఎర్ర ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, గొడుగు తెరుచుకుని ఆవిడ.

"మేడమ్, ఇవి కొన్నే కదా" అన్నాడు సెక్రటరీ హిందీలో, బతిమాలుతున్నట్టు. "మొత్తం పెట్టె క్షేమంగా వెళ్ళిపోయింది కదా."

"పెట్టె వెళ్ళిపోయినప్పుడు ఇవి బయట పనిలో ఉన్నాయి. అది వీటి తప్పా?"

పొద్దు గూకితే తప్ప అవన్నీ డబ్బాలోకి చేరవని ఆవిడ చెప్పింది. ఆయన ఎండకేసి చూశాడు, ఆవిడ బూట్లకేసి చూశాడు.

"శామ్ తక్?"

"శామ్ తక్."

సాయంత్రం దాకా. ఆయన మందు కొట్టేవాణ్ణి తీసుకుని కిందికి దిగిపోయాడు. పిడికెడు ఈగల కోసం ఒక ముసలావిడ మిద్దె మీద ఎండలో కాపలా కాస్తోందని సొసైటీ అంతా చెప్పుకుని నవ్వింది. నేను పెరుగన్నం పట్టుకెళ్ళి, ఆ మాటే కాస్త మెత్తగా అడిగాను. ఇంత అవసరమా పిన్నీ అని.

ఆవిడ అన్నం కలుపుకుంటూ చెప్పింది. వాళ్ళ నాన్నది రైల్వేలో ఉద్యోగం. ఈవిడ గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకునేది. ఒకసారి సెలవులకు బిట్రగుంట క్వార్టరుకు వెళ్ళి తలుపు కొడితే, ఎవరో తెలియనావిడ తీసింది. ఆ ఇంట్లోంచి వేరే కూర వాసన. నాన్నకు బదిలీ అయి అందరూ డోర్నకల్ వెళ్ళిపోయారు. హాస్టలుకు కబురు చేశామని వాళ్ళనుకున్నారు, అది ఈవిడకు చేరలేదు.

"ఆ ఇంటావిడ మంచిదే. లోపలికొచ్చి కూర్చోమంది. నేనే వెళ్ళలేదు. మెట్ల మీదే ఉన్నా. మా నాన్నకు తర్వాతెప్పుడో గుర్తొచ్చి, సాయంత్రం బండికి వచ్చాడు. ఆయనొచ్చేదాకా నేనేం తప్పు చేశానా అని ఆలోచిస్తూ కూర్చున్నా."

ఇంతే చెప్పింది. చెయ్యి కడుక్కుని మళ్ళీ గొడుగు పట్టుకుంది. పొద్దు గూకాక డబ్బా మూసి, నా కారులోనే తీసుకెళ్ళి, పెద్ద పెట్టె గుమ్మం ముందు తెరిచింది. ఆ తర్వాత వారం వారం మెట్రో ఎక్కి నజఫ్‌గఢ్, అక్కడినుంచి దొరికిన బండిలో ఆ పొలానికి వెళ్ళేది. తేనె సీసా తెచ్చిన ప్రతిసారీ మొదటిది పై అంతస్తు పాపకే ఇచ్చేది.

మెట్ల మీద కూర్చుని ఇదంతా తలుచుకుంటుంటే, ఏడుపు అప్పుడొచ్చింది. నేను పుణెలో ఏదో మీటింగులో ఏదో స్లైడు చూపిస్తున్నాను. ఇక్కడ ఒక ఇల్లు కదిలిపోయింది. నేనేం తప్పు చేశానా అనే అనిపించింది, అచ్చంగా ఆవిడకు అనిపించినట్టే. లోపల పెయింటర్ రోలర్ గోడ మీద తడితడిగా చప్పుడు చేస్తోంది.

కిందినుంచి ఎవరో మెట్లెక్కుతున్న అలికిడి. ఒక్కో మెట్టుకూ ఆగుతూ. మోకాళ్ళ నొప్పులకు లిఫ్టు ఎక్కకుండా ఇదేం పని అనుకుంటుండగా సెక్రటరీ మలుపు తిరిగాడు. చేతిలో ఎర్ర ప్లాస్టిక్ స్టూలు. మీరు పైకెళ్ళారని గార్డు చెప్పాడు అన్నాడు. ఆయన కూడా మనవడి చెవులు కుట్టించడానికి లక్నో వెళ్ళాడట, నిన్ననే వచ్చాడట. సామాను ట్రక్కుకెక్కించేవాళ్ళు ఈ స్టూలును టెర్రస్ మీదే మర్చిపోయారట.

"మై భీ నహీఁ థా" అన్నాడు. నేనూ లేను అని. మళ్ళీ అదే మాట, తలుపు వైపు చూస్తూ.

స్టూలు నా ముందు పెట్టి కూర్చోమన్నాడు. నేను జరిగి మెట్టు చివరికి పోయాను, ఆయన్నే కూర్చోమన్నాను. ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. కాసేపటికి కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా వైపు చూడకుండానే అడిగాడు.

"శామ్ తక్?"

"శామ్ తక్" అన్నాను.

బాకర్‌వడి పొట్లం విప్పి ఇద్దరి మధ్యా పెట్టాను. పెయింటర్ మమ్మల్ని చూసి, తలుపు మూయబోయి, మూయకుండా వదిలేశాడు.